కార్వహాల్‌లా రైట్ బ్యాక్ అవుతానంటున్నాడు: పదిహేనేళ్ళకే స్పెయిన్ పంపాలా?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్ళు, పదో తరగతి చదువుతున్నాడు. హైదరాబాద్‌లో ఒక ఫుట్‌బాల్ అకాడమీలో రైట్ బ్యాక్‌గా, అంటే కుడి అంచు డిఫెండర్‌గా ఆడతాడు. రియల్ మాడ్రిడ్ ఆటగాడు డాని కార్వహాల్ అంటే ప్రాణం. మావాడు నవంబరులో పుట్టాడు, జట్టులో అందరికంటే పొట్టి. ఇరవై లక్షలకు పైగా కడితే ఏడాది పాటు స్పెయిన్‌లో శిక్షణ ఇప్పించి, అక్కడి అగ్రశ్రేణి లీగ్ లా లిగా క్లబ్బుల్లో ట్రయల్స్ పెట్టిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్ళు అంటున్నారు. మావారు ఉన్న ప్లాటు అమ్మేద్దామంటున్నారు. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. పంపాలా, వద్దా? – ఒక తల్లి, హైదరాబాద్

జవాబు:

అమ్మా, ఈ ఏడాది పంపకండి. ప్లాటు అమ్మకండి. అలాగని అబ్బాయిని ఆట మాన్పించమని నేను అనడం లేదు. ఎందుకిలా చెప్తున్నానో వివరించడానికి మీవాడు అభిమానించే ఆటగాడి జీవితాన్నే తీసుకుంటాను. ఈ జవాబు మీవాడితో కూడా చదివించండి.

కార్వహాల్ 1992 జనవరి 11న మాడ్రిడ్‌ను ఆనుకుని ఉన్న లెగనేస్‌లో పుట్టాడు. పదేళ్ళ వయసులో, 2002లో రియల్ మాడ్రిడ్ పిల్లల జట్టులో చేరాడు. 2004లో ఆ క్లబ్బు కొత్త శిక్షణా కేంద్రం వాల్దెబేబస్‌కు శంకుస్థాపన చేసినప్పుడు, పాతతరం దిగ్గజం ఆల్ఫ్రెడో డి స్టెఫానోతో కలిసి రాయి వేసిన పిల్లవాడు ఇతనే. మీవాడు ఆ ఫొటో చూసే ఉంటాడు. దాన్ని ఇప్పుడు చూస్తే, ఈ పిల్లవాడి భవిష్యత్తు ఆ రోజే ఖాయమైపోయిందేమో అనిపిస్తుంది.

అలా జరగలేదు. పదేళ్ళు పెంచిన అదే క్లబ్బు 2012లో అతన్ని జర్మనీలోని బేయర్ లెవర్కూజన్‌కు 50 లక్షల యూరోలకు అమ్మేసింది. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు. సీనియర్ జట్టులో అధికారికంగా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కావాలంటే తిరిగి కొనుక్కునే హక్కును మాత్రం క్లబ్బు ఒప్పందంలో ఉంచుకుంది. ఇల్లు, ఊరు, భాష అన్నీ వదిలి వెళ్ళి ఆ సీజనంతా ఆడి, జర్మన్ లీగ్‌లోని మంచి రైట్ బ్యాక్‌లలో ఒకడని అనిపించుకున్నాడు. 2013లో రియల్ మాడ్రిడ్ 65 లక్షల యూరోలు పెట్టి వెనక్కి తెచ్చుకుంది.

ఈ ఒక్క ఏడాది గురించి మీరు, మీవారు కాసేపు ఆలోచించండి. ప్రపంచంలోకెల్లా పేరున్న అకాడమీలో పదేళ్ళు ఉన్నవాడికి, ఆ నగరం పక్కనే పుట్టినవాడికి, ఇరవై ఏళ్ళకు కూడా చోటు ఖాయం కాలేదు. పదిహేనేళ్ళ పిల్లవాడు ఒక ఏడాది శిక్షణతో అక్కడ నిలదొక్కుకుంటాడని మాటివ్వగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

వెనక్కి వచ్చాక కూడా దారి నున్నగా ఏమీ లేదు. కార్వహాల్ యూరప్ క్లబ్బుల అతిపెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్‌ను ఆరుసార్లు గెలిచాడని మీవాడు గడగడా చెప్తాడు. 2016లో మిలన్‌లో జరిగిన ఫైనల్లో గాయపడి ఏడుస్తూ మైదానం వదిలి, ఆ ఏడాది యూరప్ దేశాల జట్లు ఆడే యూరో కప్‌కు దూరమయ్యాడు. 2018లో కీవ్ ఫైనల్లోనూ అంతే, సగంలోనే బయటికి వచ్చేశాడు. 2021లో జరిగిన యూరోలో కూడా అతను ఆడలేకపోయాడు. మొట్టమొదటి యూరో ఆడేసరికి ముప్ఫై రెండేళ్ళు వచ్చాయి. 2024 జూన్ 1న లండన్‌లోని వెంబ్లీలో జర్మనీ క్లబ్బు డార్ట్‌మండ్ మీద ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో తలతో గోల్ కొట్టి, జులైలో స్పెయిన్‌తో యూరో గెలిచి, ఆ ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డు ఓటింగ్‌లో నాలుగో స్థానంలో నిలిచాడు. ఆ ఫలితం వచ్చేనాటికే అతను మోకాలు దెబ్బతిని మంచం మీద ఉన్నాడు. అక్టోబరు 5న వియ్యారియల్‌తో మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్లు తెగిపోయాయి. తిరిగి మైదానంలోకి రావడానికి తొమ్మిది నెలలు పట్టింది.

డిఫెండర్ ఉద్యోగం మామూలుగా ఇలాగే ఉంటుంది. ఆలస్యంగా మొదలవుతుంది. ఫార్వర్డ్ నాలుగు అవకాశాలు పాడుచేసి ఐదోదాన్ని గోల్ చేస్తే హీరో అవుతాడు. డిఫెండర్ తొంభై నిమిషాలు బాగా ఆడి ఒక్కసారి తప్పుచోట నిలబడితే మ్యాచ్ పోతుంది. అందుకే కోచ్‌లు కుర్ర డిఫెండర్‌కు సీనియర్ జట్టులో చోటివ్వడానికి జంకుతారు. బార్సిలోనాలో పౌ కుబర్సీ పదిహేడు నిండకముందే ఆడాడు కదా అని మీవాడు అడగవచ్చు. నిజమే, ఆడాడు. కానీ అతను చాలా అరుదైన పిల్లవాడు. అలాంటివాణ్ణి కొలబద్దగా పెట్టుకుంటే మీ అబ్బాయికి పద్దెనిమిదేళ్ళకే తాను ఓడిపోయానన్న భావన వస్తుంది. అది నాకు ఇష్టం లేదు.

ఇక కన్సల్టెన్సీ మాట. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నియమం ప్రకారం, పద్దెనిమిదేళ్ళు నిండని ఆటగాణ్ణి మరో దేశం క్లబ్బు నమోదు చేసుకోకూడదు. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి మారితే ఒకటి. యూరోపియన్ యూనియన్ లోపల పదహారు దాటినవాళ్ళు మారడం ఇంకొకటి. చదువు కోసం వెళ్ళిన విద్యార్థికి కూడా ఏడాది వరకు అనుమతి దొరకవచ్చు, అదీ ప్రొఫెషనల్ జట్టు లేని అమెచ్యూర్ క్లబ్బులో మాత్రమే. అంటే మీవాడు ఇప్పుడు వెళ్ళి ట్రయల్స్‌లో అద్భుతంగా ఆడినా, లా లిగా క్లబ్బు వాడి పేరు రాసుకోలేదు. ఈ సంగతి వాళ్ళు మీకు చెప్పారా?

ఈ నియమాన్ని పెద్ద క్లబ్బుల మీద కూడా గట్టిగానే అమలు చేశారు. పిల్లల నమోదులో తప్పులు చేసినందుకు బార్సిలోనాకు 2014లో, రియల్ మాడ్రిడ్, అట్లెటికో మాడ్రిడ్‌లకు 2016లో కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా నిషేధాలు పడ్డాయి. జపాన్ కుర్రాడు తాకెఫుసా కుబో పదేళ్ళ వయసులో బార్సిలోనా అకాడమీలో చేరి, ఆ గొడవ వల్ల 2015లో తిరిగి టోక్యో వెళ్ళిపోవాల్సి వచ్చింది. అతను డిఫెండర్ కాదు గానీ, మీ ప్రశ్నకు అతని కథ బాగా సరిపోతుంది. స్వదేశంలోనే ఆడి, పద్దెనిమిది నిండగానే 2019లో స్పెయిన్ వెళ్ళాడు. ఈసారి రియల్ మాడ్రిడ్ స్వయంగా పిలిచింది.

డబ్బు గురించి ఇంకో మాట. నిజంగా కావాలనుకున్న పిల్లవాడి దగ్గర ప్రొఫెషనల్ క్లబ్బు లక్షలు వసూలు చేయదు. వాడి మీద తానే ఖర్చు పెడుతుంది. ఎందుకంటే ఆటగాడు ఎప్పుడైనా డబ్బుకు ఒక దేశం నుంచి మరో దేశం క్లబ్బుకు మారితే, అతనికి 12 నుంచి 23 ఏళ్ళ మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులు ఆ సొమ్ములో 5 శాతం పంచుకుంటాయి. ముందే ఫీజు అడుగుతున్న చోట, మీవాడు వాళ్ళకు ఆటగాడు కాదు, కస్టమర్.

ఇప్పుడు ఇంకో స్పెయిన్ డిఫెండర్ గురించి చెప్తాను. మీరు హైదరాబాద్‌లో ఉంటారు కాబట్టి మీవాడు ఇతన్ని చూసే ఉండాలి. పేరు హువానన్. కార్వహాల్ రియల్ మాడ్రిడ్ రెండో జట్టు కాస్తియాలో ఆడుతున్నప్పుడు ఇతనూ అదే జట్టులో సెంటర్ బ్యాక్, అంటే మధ్యలో ఆడే డిఫెండర్. స్పెయిన్‌లో పెద్ద క్లబ్బుల రెండో జట్లు కూడా కింది డివిజన్లలో అసలైన లీగ్ ఆడతాయి, పిల్లలు అక్కడే పెద్దవాళ్ళతో తలపడి రాటుదేలతారు. 2012లో కార్వహాల్ లెవర్కూజన్ వెళ్ళిన వేసవిలోనే హువానన్ కూడా జర్మనీలోని ఫార్చునా డ్యూసెల్‌డార్ఫ్‌కు వెళ్ళాడు. అతనికి మాడ్రిడ్ నుంచి మళ్ళీ పిలుపు రాలేదు. 2016లో బెంగళూరు ఎఫ్‌సీకి వచ్చాడు, 2019లో ఆ జట్టుతో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచాడు. తర్వాత హైదరాబాద్ ఎఫ్‌సీలో చేరాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీ షూటౌట్‌లో హైదరాబాద్ ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన సీజన్లో అతను ఆ జట్టు మనిషే. ఆ రాత్రి గోల్‌కీపర్ కట్టిమణి ఆపిన పెనాల్టీలే అందరికీ గుర్తుంటాయి. డిఫెండర్ల పేర్లు ఎవరికీ అంతగా గుర్తుండవు.

నా దృష్టిలో హువానన్‌ది ఓటమి కాదు. ఆటనే వృత్తిగా చేసుకుని పలు దేశాల్లో బతికాడు, ట్రోఫీలు గెలిచాడు. రియల్ మాడ్రిడ్ అకాడమీ నుంచి బయటికి వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి దొరికే మంచి జీవితం ఇలాంటిదే, అంతకంటే తక్కువకే ఆగిపోయేవాళ్ళు ఇంకా చాలామంది. స్పెయిన్‌లో లా లిగా, రెండో డివిజన్ సెగుందా కింద ఇంకా మూడు ఫెడరేషన్ అంచెలు ఉన్నాయి. వాటిలో అట్టడుగు అంచెలో ఆడేవాళ్ళలో చాలామందికి పగలు ఇంకో ఉద్యోగం ఉంటుంది. పైగా క్లబ్బు అనేది గవర్నమెంటు ఆఫీసు కాదు. ఆ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీయే 2025లో ఢిల్లీకి తరలిపోయింది. వేసవిలో కాంట్రాక్టు లేకుండా మిగిలిపోయిన ఆటగాళ్ళ కోసం స్పెయిన్‌లో ఆటగాళ్ళ సంఘం ఏఎఫ్‌ఈ ప్రత్యేకంగా శిక్షణ శిబిరాలు నడుపుతుంది. అలాంటి అవసరం ఎంతమందికి ఉంటే సంఘమే పూనుకుంటుందో ఆలోచించండి.

ఇక ఎత్తు, నవంబరు. దీని గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు గానీ, మీవాణ్ణి లోపల్లోపల ఎక్కువ బాధపెడుతున్నది ఇదేనని నాకనిపిస్తోంది. స్పెయిన్‌లో పిల్లల జట్లకు వయసు లెక్క జనవరి 1 నుంచి. జనవరిలో పుట్టినవాడు, అదే ఏడాది నవంబరులో పుట్టినవాడు ఒకే జట్టులో ఆడతారు. పన్నెండేళ్ళప్పుడు పది నెలల తేడా అంటే ఎముకల్లో, వేగంలో, ధైర్యంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ఏడాది మొదట్లో పుట్టిన పిల్లలే అకాడమీల్లో ఎక్కువగా ఎంపికవుతారు. కార్వహాల్, కుబర్సీ ఇద్దరూ జనవరి పిల్లలే, స్పెయిన్ పేరున్న డిఫెండర్లు పీకే ఫిబ్రవరి, రామోస్ మార్చి. ఎదుగుదల పూర్తయ్యాక ఆ తేడా చాలావరకు పోతుంది, కానీ అప్పటికే ఎంతోమంది నిరాశతో ఆట మానేసి ఉంటారు. మీవాడు మానకూడదు.

వాడికి రాబిన్ లె నోర్మన్ గురించి చెప్పండి. 1996 నవంబరు 11న ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో పుట్టిన సెంటర్ బ్యాక్. సొంత ప్రాంతపు క్లబ్బు బ్రెస్ట్ అతన్ని సీనియర్ జట్టులో ఒక్క మ్యాచ్ ఆడించి వదిలేసింది. పందొమ్మిదేళ్ళ వయసులో స్పెయిన్ వెళ్ళి రియల్ సోసియెదాద్ రెండో జట్టులో చేరాడు. రెండేళ్ళకు పైగా ఆగి మొదటి జట్టులోకి వచ్చాడు. 2023లో స్పెయిన్ పౌరసత్వం వచ్చింది, మరుసటి ఏడాది యూరో గెలిచిన జట్టులో ఉన్నాడు. యూరోపియన్ పాస్‌పోర్టు అతనికి కలిసొచ్చింది, అది మనకు లేదు. కానీ పందొమ్మిదికి వెళ్ళినా ఆలస్యం కాలేదన్నది మాత్రం గమనించండి. ఇక కార్వహాల్ ఎత్తు అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. అంచున ఆడే డిఫెండర్‌కు, అంటే ఫుల్ బ్యాక్‌కు, అది చాలు.

కాబట్టి పద్దెనిమిది నిండేదాకా ఏం చేయాలి? పదో తరగతి పరీక్షలు సక్రమంగా రాయనివ్వండి. ఇంటర్‌లో పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చోబెట్టే కాలేజీ వద్దు, రోజుకు రెండు గంటల ఆటకు ఒప్పుకునే కాలేజీ వెతకండి. గ్రూపు ఏదైనా ఫర్వాలేదు. బైపీసీ మీద ఇష్టముంటే మరీ మంచిది. ఫిజియోథెరపీ, స్పోర్ట్స్ సైన్స్ వైపు తలుపులు తెరిచే ఉంటాయి, మోకాలు దెబ్బతిన్న రోజున ఆ చదువు విలువ తెలుస్తుంది. శ్రీనిధి డెక్కన్ లాంటి ప్రొఫెషనల్ క్లబ్బు మన దగ్గరే ఉంది. వాళ్ళ వయసు విభాగాల జట్లలో ఎంపికకు ప్రయత్నించనివ్వండి. వారానికొక అసలు మ్యాచ్ ఆడటం ఏ విదేశీ క్యాంపుకన్నా ఎక్కువ నేర్పుతుంది. ఎడమ కాలితో పాస్ ఇవ్వడం, అంచు వెంట దూసుకొచ్చే ఫార్వర్డ్ (వింగర్) ఒంటరిగా ఎదురైనప్పుడు తొందరపడి కాలు పెట్టకుండా నిలబడటం, బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూసుకోవడం, ఈ మూడింటి మీదా పని చేయమని కోచ్‌ను అడగండి. స్పానిష్ నేర్చుకోవడం ఇప్పుడే మొదలుపెట్టనివ్వండి. ఖర్చు తక్కువ, డిఫెండర్‌కు మాటే సగం ఆట.

కన్సల్టెన్సీ వాళ్ళకు మాత్రం మీవారితో ఒక మెయిల్ పెట్టించండి. అబ్బాయిని ఏ క్లబ్బు పేరు మీద, ఏ ఫిఫా మినహాయింపు కింద నమోదు చేస్తారు? అధికారిక లీగ్ మ్యాచ్‌లు ఆడతాడా, ఫ్రెండ్లీలేనా? తిరిగొచ్చాక చదువు ఏడాది పోకుండా ఏ బోర్డు సర్టిఫికెట్ ఇస్తారు? మధ్యలో గాయమైతే ఆపరేషన్ ఖర్చు ఎవరిది? ఏజెంటుగా మాట్లాడుతున్నవాళ్ళ ఫిఫా లైసెన్సు నంబరు ఎంత? అన్నీ రాతపూర్వకంగా కావాలనండి. సమాధానం వచ్చేదాకా అడ్వాన్సు కూడా కట్టకండి. వాళ్ళ జవాబు వస్తే నాకు పంపండి, కలిసి చదువుదాం.