తొమ్మిదిన్నర లక్షలకు కొనే కారు, నలభై లక్షల కారు ఖర్చు

ప్రశ్న: నా వయసు 37. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికొచ్చే జీతం నెలకు 1,42,000 రూపాయలు. ఇంటి రుణం వాయిదా 46,000, సిప్‌లు 20,000, పిల్లల చదువు 15,000, ఇంటి ఖర్చులు 40,000. ఢిల్లీలో 2014లో రిజిస్టరైన బీఎమ్‌డబ్ల్యూ 320డి డీజిల్ కారు 9.5 లక్షలకు వస్తోంది. 78,000 కిలోమీటర్లే తిరిగిందని, ఒక డాక్టర్ గారు వాడిన కారని డీలర్ చెబుతున్నారు. అత్యవసరాలకని బ్యాంకులో ఉంచిన 3.5 లక్షలకు 6 లక్షల పర్సనల్ లోన్ కలిపి కొనవచ్చా?

జవాబు: మీరు రాసిన ఖర్చులన్నీ పోగా నెలకు 21,000 రూపాయలు మిగులుతున్నాయి. 6 లక్షలను 14 శాతం వడ్డీకి 4 ఏళ్ల గడువుతో తీసుకుంటే వాయిదా సుమారు 16,400 అవుతుంది కాబట్టి, కారును ఇంటి ముందు నిలబెట్టడానికి మీ ఆదాయం సరిపోతుంది. దాన్ని నడపడానికి సరిపోదు. అందుకే ఈ కారు వద్దని నా సలహా.

ఈ కారు కొత్తగా ఉన్నప్పుడు ఆన్‌రోడ్ ధర 40 లక్షల దరిదాపుల్లో ఉండేది. ఇన్నేళ్లలో దాని విలువ నాలుగో వంతుకు పడిపోయింది గానీ, హెడ్‌లైట్, గేర్‌బాక్స్, సస్పెన్షన్ వంటి విడిభాగాల ధరలు ఆ లెక్కన పడిపోలేదు. సర్వీస్ సెంటర్‌లో వేసే లేబర్ చార్జీ మీరు కారును ఎంతకు కొన్నారో అడిగి వేసేది కాదు. కాబట్టి పాత లగ్జరీ కారు నిర్వహణ ఖర్చును దాని మొదటి ధరను బట్టి అంచనా వేసుకోవాలి.

ఈ తరం 320డిలో ముందుగా చూడవలసింది ఇంజిన్. 2014 నాటి కార్లలో ఉన్నది ఎన్47 రకం డీజిల్ ఇంజిన్. దాని టైమింగ్ చైన్ (వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే గొలుసు) ఇంజిన్ వెనుక వైపు, గేర్‌బాక్స్‌ను ఆనుకుని ఉంటుంది. చైన్ అరిగి వదులైతే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు వెనుక నుంచి గరగరమనే శబ్దం వస్తుంది. పట్టించుకోకుండా నడిపితే చైన్ తెగి, వాల్వులు పిస్టన్లకు తగిలి, ఇంజినే పాడవుతుంది. ఈ లోపం 2007–2011 మధ్య తయారైన ఇంజిన్లలో ఎక్కువగా బయటపడింది, తర్వాతి వాటిలో తగ్గింది. అయినా చైన్ మార్చాలంటే గేర్‌బాక్స్‌ను గానీ ఇంజిన్‌ను గానీ దించవలసిందే కనుక, చైన్ ధర కంటే కూలి ఖర్చే ఎక్కువవుతుంది. ఈ ఒక్క పనికి నేనైతే 2 లక్షలు పక్కన పెట్టుకుంటాను.

ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మంచిదే. అయితే అందులోని ఆయిల్ కారు జీవితకాలం వస్తుందని కారు కంపెనీ చెబుతూ రాగా, ఆ గేర్‌బాక్స్‌ను తయారుచేసే జడ్‌ఎఫ్ సంస్థ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమని సూచిస్తుంది. మీ డీలర్ చూపే మీటరు నిజమే అనుకున్నా కారు ఆ గడప దగ్గరే ఉంది. ఫిల్టర్ గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి (పాన్)లోనే అమర్చి ఉంటుంది కాబట్టి ఆయిల్‌తో పాటు పాన్ మొత్తం మార్చాలి. దీనికి వేసే రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) మామూలు టైర్ల కంటే ఖరీదైనవి, పైగా సాధారణంగా స్టెప్నీ ఉండదు.

ఇలాంటి కారుకు నేను వేసే ఏడాది బడ్జెట్ ఇది: సర్వీసుకు, అరిగే భాగాలకు 60,000, బీమాకు 35,000, టైర్ల కోసం 20,000, పెద్ద రిపేర్ల నిధికి 1,00,000. మొత్తం 2,15,000, అంటే నెలకు సుమారు 18,000. దీనికి లోన్ వాయిదా కలిపితే డీజిల్ పోయించక ముందే 34,400 అవుతుంది. మీ దగ్గర మిగిలేది 21,000. పెద్ద రిపేరు ప్రతి ఏడాదీ రాకపోవచ్చు, కానీ వచ్చిన నెలలో ఆదుకోవలసిన 3.5 లక్షలను మీరు ముందే కారులో పెట్టేస్తున్నారు. అప్పుడు మిగిలే దారి క్రెడిట్ కార్డు.

బీమా ఉంది కదా అనుకోవద్దు. పాలసీ ప్రమాద నష్టానికే గానీ ఇంజిన్, గేర్‌బాక్స్ వాటంతట అవి పాడైతే వర్తించదు. ప్రమాదంలోనైనా పదేళ్లు దాటిన కారుకు లోహపు భాగాల విలువలో 50 శాతం, ప్లాస్టిక్, రబ్బరు భాగాల విలువలో 50 శాతం తరుగు కింద కోసేస్తారు. ఈ కోత లేకుండా చేసే జీరో డిప్రిసియేషన్ కవర్ ఇంత పాత కారుకు సాధారణంగా దొరకదు. వానకు నిలిచిన నీళ్లలో స్టార్ట్ చేస్తే ఇంజిన్‌లోకి నీరు చేరి పాడవడం హైదరాబాద్‌లో కొత్త సంగతి కాదు. దానికి విడిగా ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ కావాలి.

ఇక ఢిల్లీ సంగతి. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు రాజధాని ప్రాంతంలో తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. తర్వాత కొంత సడలింపు వచ్చినా, ఈ భయంతోనే అక్కడి కార్లు తక్కువ ధరకు దక్షిణాదికి చేరాయి. చౌకకు కారణం అది. అయితే ఇక్కడ నడపాలంటే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి, తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కట్టి, రీ-రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఆ మొత్తం 9.5 లక్షల్లో కలిసి ఉందో లేదో మీ ఉత్తరంలో లేదు. పైగా ప్రైవేటు కారు ఆర్‌సీ గడువు మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 15 ఏళ్లు, అంటే 2029 వరకు. 4 ఏళ్ల లోన్ తీరేది 2030లో. అప్పు తీరకముందే ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లి ఆర్‌సీ పొడిగించుకోవలసి వస్తుంది. డాక్టర్ గారి కారన్న మాటను మాత్రం పక్కన పెట్టండి. సెకండ్ హ్యాండ్ బజారులో డాక్టర్ గారు వాడని కారు నాకింతవరకు కనబడలేదు.

మీ కోరికను నేను తప్పుపట్టడం లేదు. వచ్చే నెల నుంచి 18,000 రూపాయల రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టి, కారు ఇప్పటికే మీ ఇంట్లో ఉన్నట్టే ఏడాది పాటు కట్టి చూడండి. ఒక్క నెల కూడా తప్పకపోతే వడ్డీ కాక 2,16,000 చేతిలో ఉంటుంది, అత్యవసర నిధి కదలకుండా ఉంటుంది. అప్పుడు కూడా ఢిల్లీ కారు జోలికి పోకుండా, తెలంగాణలోనే రిజిస్టరై, సర్వీస్ రికార్డు పూర్తిగా ఉన్న, బ్యాంకు మామూలు కారు లోన్ ఇచ్చేంత తక్కువ వయసున్న కారును వెతకండి. అది మూడు, నాలుగేళ్ల హోండా సిటీ స్థాయి సెడాన్ అయినా నాకు అభ్యంతరం లేదు, నెల ఖర్చు మీ 21,000 లోపే ఉంటుంది.

ఇంత చెప్పినా ఇదే కారు కావాలనిపిస్తే, రాత్రంతా ఆపి ఉంచిన కారును ఉదయం మీ ఎదుటే స్టార్ట్ చేయమనండి. తర్వాత రుసుము మీరే కట్టి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పూర్తి తనిఖీ, స్కానింగ్ చేయించండి. కిలోమీటర్ల లెక్క కారులోని ఒకటికి మించిన కంప్యూటర్ భాగాల్లో నమోదవుతుంది కనుక మీటరు వెనక్కి తిప్పి ఉంటే అక్కడ తేడా బయటపడే అవకాశం ఉంది. పాత లోన్ తీరినట్టు ఫారం 35, ఢిల్లీ ఎన్‌వోసీ కళ్లతో చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. తనిఖీకి డీలర్ ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయండి.