షాకులు చూశాకే స్ప్రింగుల మాట
(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ చిన్న టర్బో కార్లవే. అన్నీ రోజూ ఆఫీసుకు, పిల్లల బడికి, పండక్కి ఊరికి తిరిగే బండ్లే. ఆ వాడకాన్ని బట్టే జవాబులు ఇచ్చాం. రేస్ ట్రాక్ లెక్కలు వేరు.

ప్రశ్న: మాది 2021 పోలో జీటీ టీఎస్ఐ, ఆటోమేటిక్. 62,000 కిలోమీటర్లు తిరిగింది. హన్మకొండ నుంచి కరీంనగర్‌కు వారంల ఐదు రోజులు పోయి వస్త. మలుపుల్ల బండి ఒరుగుతున్నట్టు, 90 దాటితే వెనక తేలుతున్నట్టు ఉంటది. 30 మిల్లీమీటర్లు దించే ఐబాక్ స్ప్రింగులు, 17 ఇంచుల అల్లాయ్‌లు వేయిద్దామనుకుంటున్న. 80,000 దాకా పెట్టగలను. షాకులు కంపెనీవే ఉంచొచ్చునా?
— నయీంనగర్, హన్మకొండ

జవాబు: ఉంచకూడదు. అసలు మీరు చెప్పిన లక్షణాలు స్ప్రింగువి కావు, షాకులవి. బండి బరువు మోసేది స్ప్రింగు. గతుకు తగిలాక ఆ స్ప్రింగు ఊపును ఆపేది షాకు (షాక్ అబ్జార్బర్). వెనక తేలుతోందంటే ఒక్క ఊపులో ఆగాల్సింది రెండు మూడు ఊపులు పోతోందన్నమాట. అలిసిపోయిన షాకుల మీద ఇంకా గట్టి స్ప్రింగు ఎక్కిస్తే అది వెనక్కి తన్నే బలం పెరుగుతుంది, ఆపేవాడు మాత్రం పెరగడు.

పైసలు ఖర్చు పెట్టేముందు పది నిమిషాలు బండి దగ్గర కూర్చోండి. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ఫోన్ టార్చి వేసి ముందు షాకు గొట్టాన్ని చూడండి. రబ్బరు బూటు కింద దుమ్ము పొడిగా ఉంటే మంచిదే. పైన కొద్దిగా చెమ్మ ఉండి దుమ్ము పట్టినా భయం లేదు. గొట్టం సగం దాకా నల్లగా, జిడ్డుగా తడిసి ఉంటే మాత్రం సీలు పోయినట్టే. తర్వాత టైరు మీద అరచేయి పెట్టి చుట్టూ తడమండి. చిన్న చిన్న గిన్నెలు తవ్వినట్టు ఎత్తుపల్లాలు చేతికి తగిలితే టైరు రోడ్డును అంటిపెట్టుకోకుండా ఎగురుతూ తిరిగిందని అర్థం. బానెట్ నొక్కి వదిలే పరీక్ష పూర్తిగా చచ్చిన షాకునే పట్టిస్తుంది, సగం పోయిన దాన్ని పట్టించదు. దాన్ని నమ్ముకోవద్దు.

ఇక దించడం. ఖాళీ బండికి పోలో కింద ఉండే జాగా 165 మిల్లీమీటర్లు. మన రోడ్ల కోసం యూరప్ పోలో కన్నా ఇక్కడి బండిని ఎత్తుగా ఇచ్చారు. కాబట్టి అక్కడి ఎత్తును బట్టి 30 అని రాసిన స్ప్రింగు ఇక్కడ అంతకన్నా ఎక్కువే దించవచ్చు. దించిన ప్రతి మిల్లీమీటరూ షాకు లోపలికి వెళ్లే ప్రయాణంలోంచి పోతుంది. వెనక ముగ్గురు కూర్చుని, డిక్కీలో బియ్యం బస్తా ఉంటే బండి దాదాపు బంప్ స్టాపు (షాకు చివరిదాకా నొక్కుకోకుండా ఆపే రబ్బరు ముక్క) మీదే కూర్చుంటుంది. అప్పుడు ఊరి ముందర స్పీడ్ బ్రేకర్ ఎక్కితే స్ప్రింగు పని అయిపోయి రబ్బరు ముక్క పని మొదలవుతుంది. నడుముకు దెబ్బ, టైరుకు ఎగురుడు. ఇంజిన్ కింది కవర్ రాసుకుపోవడం సరేసరి.

మా మాట: ఎత్తు కంపెనీదే ఉంచి నాలుగు షాకులూ మార్చండి. కంపెనీ షాకులే కొత్తవి వేసినా మీకు బండి మారిపోయినట్టు ఉంటుంది. ఇంకొంచెం బిగువు కావాలంటే బిల్‌స్టీన్ బ్రాండు షాకుల్లో బీ6 రకం చూడండి. అది కంపెనీ ఎత్తు స్ప్రింగులకు చేసింది. బీ8 దించిన స్ప్రింగులకు. దాని కడ్డీ పొట్టి. అది తెచ్చి మీ స్ప్రింగు మీద వేస్తే, చక్రం గుంతలోకి దిగినప్పుడు కడ్డీ ప్రయాణం ముందే అయిపోయి ‘దబ్’మంటుంది. బీ4 అనేది కంపెనీ షాకుకు బదులుగా వేసుకునేదే, బిగువు కోసం కాదు. ఏది కొన్నా బండి ఛాసిస్ నంబర్ ఇచ్చి సరిపోల్చుకున్నాకే డబ్బు కట్టండి.

ముందు షాకులతో పాటు టాప్ మౌంట్లు (షాకును పైన బాడీకి పట్టి ఉంచేవి), వాటి బేరింగులు, బంప్ స్టాపులు, దుమ్ము బూట్లు కొత్తవి పెట్టించండి. మళ్లీ ఇదే లేబర్ కట్టి విప్పించుకోవడం కన్నా ఇది చవక. ఒక్క వైపే మార్చడం ఎప్పుడూ వద్దు. జతగా మార్చాలి.

17 ఇంచుల సంగతి: మీ 195/55 ఆర్16 టైరు పక్క గోడ ఎత్తు, అంటే వెడల్పు 195లో 55 శాతం, 107 మిల్లీమీటర్లు. 205/45 ఆర్17 అయితే 92. మీ దారిలో గుంతకూ రిమ్ముకూ మధ్య ఉన్న రబ్బరులో 15 మిల్లీమీటర్లు వదులుకుంటున్నారు, చూపు కోసం. చక్రం బరువు కూడా పెరుగుతుంది, ఆ బరువు ఊపును కూడా షాకే ఆపాలి. 16 ఇంచుల మీదే మంచి టైర్లు వేయండి. మీ 80,000లో షాకులు, మౌంట్లు, నాలుగు టైర్లు, అలైన్‌మెంట్ అన్నిటికీ ముందే కొటేషన్ తీసుకోండి. బీ6 తీసుకుంటే టైర్లకు మిగలడం కష్టం. అప్పుడు కంపెనీ షాకులు, మంచి టైర్లు అనే జోడీయే మేలు.

ప్రశ్న: ఐ20 ఎన్ లైన్‌కు 195/55 ఆర్16 టైర్లు అరిగినయ్. 205/55 వేయొచ్చునా, 205/50 వేయాల్నా? షాపుల ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తున్నరు.
— పరకాల

జవాబు: లెక్క మీరే వేసుకోవచ్చు. రిమ్ము 16 ఇంచులంటే 406 మిల్లీమీటర్లు. దానికి పక్క గోడ ఎత్తు రెండుసార్లు కలపాలి. మీ పాత టైరు మొత్తం ఎత్తు 621. 205/55 అయితే 632, అంటే 1.8 శాతం ఎక్కువ. 205/50 అయితే 611, ఒకటిన్నర శాతం తక్కువ. రెండూ రిమ్ము మీద కూర్చుంటాయి గానీ గుణం వేరు. పెద్దదానితో కింద జాగా అయిదున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, గుంతలకు రబ్బరు ఎక్కువ, బండి లాగుడు కొంచెం మందగిస్తుంది. చిన్నదానితో పికప్ బాగుంటుంది, కింద జాగా తగ్గుతుంది. పరకాల, ములుగు రోడ్లకైతే పాత సైజే మొదటి మాట, 205/55 రెండో మాట. 205/55 ఎక్కిస్తే వెనక ముగ్గురిని కూర్చోబెట్టి, స్టీరింగ్ రెండు పక్కలా చివరిదాకా తిప్పి, లోపలి లైనర్‌కు రాస్తుందేమో చూసి అప్పుడే బిల్లు కట్టండి.

సైజు పక్కన ఉండే 87, 91 అంకెలు లోడ్ ఇండెక్స్. 87 అంటే ఒక టైరు 545 కిలోల దాకా మోస్తుంది, 91 అంటే 615. కంపెనీ ఇచ్చిన అంకె కన్నా తక్కువది తీసుకోవద్దు. టైరు పక్క గోడ మీద ఉండే డాట్ ముద్ర చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, తర్వాతవి సంవత్సరం. ‘2319’ అని ఉన్న ‘కొత్త’ టైరును డిస్కౌంట్ ఇచ్చినా వద్దనండి.

ప్రశ్న: నెల కింద ముందు షాకులు కొత్తవి వేయించిన. అప్పటినుంచి చిన్న గతుకుల మీద ‘టక్ టక్’, పార్కింగ్‌ల స్టీరింగ్ తిప్పితే ‘టంగ్’ మని చప్పుడు. మెకానిక్‌ను అడిగితే కొత్త షాకులు అట్లనే ఉంటయ్ అంటున్నడు.
— జగిత్యాల

జవాబు: ఉండవు. కొత్త షాకు చప్పుడు చేయదు, తప్పుగా బిగించిన షాకు చేస్తుంది. మీరు రాసిన రెండు చప్పుళ్లూ రెండు వేరు తప్పులు అయ్యుండొచ్చు.

‘టంగ్’ అనేది స్ప్రింగు మెలితిరిగి ఒక్కసారిగా వదులుకునే చప్పుడు. స్టీరింగ్ తిప్పితే స్ట్రట్ (షాకు, స్ప్రింగు కలిసిన భాగం) మొత్తం టాప్ మౌంట్ బేరింగు మీద తిరగాలి. పాత బేరింగే మళ్లీ వేశారేమో, అది దుమ్ముతో బిగుసుకుందేమో చూడాలి. లేదంటే స్ప్రింగు చివరి కొస కింది గిన్నెలో ఉండే మెట్టుకు ఆనకుండా పక్కకు కూర్చుని ఉంటుంది. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్ తిప్పుతుంటే, మీరు స్ప్రింగు మీద రెండు వేళ్లు ఊరికే ఆనించి ఉంచండి. సాఫీగా తిరిగితే బేరింగు మంచిదే. ఆగి ఆగి, గంతు వేసినట్టు తిరిగితే దొంగ దొరికినట్టే. ఇంజిన్ ఆన్‌లో ఉండి తిప్పేటప్పుడు వేళ్లు టైరుకూ ఫెండర్‌కూ మధ్య పెట్టొద్దు.

‘టక్ టక్’కు మొదట చూడాల్సింది స్టెబిలైజర్ లింకు నట్టు, తర్వాత షాకు కడ్డీ పైన ఉండే నట్టు. ఈ పై నట్టు బిగించేటప్పుడే తప్పు ఎక్కువ జరుగుతుంది. ఇంపాక్ట్ గన్ పెట్టి ‘గుర్రు’మనిపిస్తే నట్టుతో పాటు కడ్డీ కూడా లోపల తిరుగుతుంది. లోపలి సీలు కొత్తలోనే దెబ్బ తింటుంది, నట్టు మాత్రం బిగిసినట్టే కనిపిస్తుంది. కడ్డీ కొసను అలెన్ కీతో పట్టుకుని, ఆఫ్‌సెట్ రింగ్ స్పానర్‌తో నట్టు తిప్పి, చివర టార్క్ రెంచ్ పెట్టాలి.

ఇంకొకటి, చాలా వర్క్‌షాపుల్లో పట్టించుకోనిది. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి బండికి పట్టి ఉంచే చేయి) బోల్టులు వదులు చేసి ఉంటే, వాటిని మళ్లీ బిగించాల్సింది బండి జాకీ మీద చక్రం వేలాడుతున్నప్పుడు కాదు. రబ్బరు బుష్ ఏ భంగిమలో బిగిస్తే ఆ భంగిమనే ఇల్లు అనుకుంటుంది. వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీదికి దిగినప్పటి నుంచి అది ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. కొన్నాళ్లకు చీలుతుంది, అప్పుడూ ఇదే ‘టక్ టక్’. చక్రాల కింద దిమ్మెలు పెట్టి బండి బరువు మోపాకే చివరి బిగింపు వేయమనండి.

పని అయ్యాక మొదటి అలైన్‌మెంట్, 300 కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు సర్దుకున్నాక ఇంకోసారి. రెండుసార్లూ ‘ముందు, తర్వాత’ అంకెలున్న ప్రింటు అడగండి. ప్రింటు ఇవ్వనివాడు టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేశాడో, స్టీరింగ్ మాత్రమే నిటారుగా పెట్టాడో మీకు తెలియదు.

ప్రశ్న: 1.0 టీఎస్ఐకి స్టేజ్ 1 రీమ్యాప్, పెద్ద ఇంటర్‌కూలర్ చేపిద్దామంటే ఫ్రెండ్స్ రెండు మాటలు చెప్తున్నరు. రోజువారీ బండికి మంచిదేనా?
— కరీంనగర్

జవాబు: ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) మాట ముందు తేల్చేద్దాం. ఈ ఇంజిన్‌లో ఇంటర్‌కూలర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ లోపలే ఉంటుంది, కూలెంట్‌తో చల్లబడుతుంది. పాత పద్ధతిలో ముందు బంపర్ వెనక ఒకటి వేలాడదీసి మార్చేది కాదు. దానికోసం పెట్టే పైసలు కూలెంట్ సరిచూసుకోవడానికి, రేడియేటర్ ముందు చేరే దుమ్ము, పురుగులు కడిగించడానికి పెట్టండి.

రీమ్యాప్ అంటే ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) ప్రోగ్రాం మార్చడం. అందులో మూడు పనులు: బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) పెంచడం, ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరపడం, టార్క్ పరిమితులు ఎత్తడం. కంపెనీ లెక్కలో పోలోలోని ఈ ఇంజిన్ 110 పీఎస్, 175 న్యూటన్ మీటర్లు. మే నెలలో కరీంనగర్ మధ్యాహ్నం, సిగ్నల్ దగ్గర నిలిచిన బండిలోకి పోయే గాలి ఎంత వేడిగా ఉంటుందో మీకు తెలుసు. ఆ వేడిలో నాక్ (పెట్రోలు అదుపు తప్పి మండడం) వస్తే ఈసీయూ టైమింగ్ వెనక్కి లాగుతుంది. అప్పుడు కొన్న పవర్ మీ చేతికి రాదు. కాబట్టి రీమ్యాప్ చేసేవాణ్ని డైనో (పవర్ కొలిచే యంత్రం) కాగితం అడగడంతో ఆగొద్దు. మన బంకు పెట్రోలు పోసి, ఎండలో, మూడో గేరులో పూర్తి త్రాటిల్ లాగ్ తీసి సిలిండర్ వారీగా టైమింగ్ ఎంత వెనక్కి పోయిందో చూపించమనండి. 100 ఆక్టేన్ పెట్రోలు మీద చేసిన మ్యాప్ తీసుకుంటే, ఆ పెట్రోలు అమ్మే బంకు మీ దారిలో ఎక్కడుందో ముందే చూసుకోవాలి.

మాన్యువల్ బండి అయితే మొదట మొరపెట్టేది క్లచ్. నాలుగో గేరులో 2,000 ఆర్పీఎం నుంచి పూర్తిగా తొక్కినప్పుడు ఆర్పీఎం ఎగిసి వేగం పెరగకపోతే జారుతున్నట్టే. రీమ్యాప్ చేసినా, చేయకున్నా టాప్ గేరులో 1,500 దగ్గర పూర్తిగా తొక్కే అలవాటు ఉంటే మానండి. డైరెక్ట్ ఇంజెక్షన్ చిన్న టర్బోలకు అది పిస్టన్‌ను తినే అలవాటు. వారంటీ ఉన్న బండికి రీమ్యాప్ వద్దు. మళ్లీ పాత ఫైలు వేయించినా ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారన్నది ఈసీయూలో కనబడుతుంది.

ప్రశ్న: గోదావరిఖనిల ఉంటం. ఓపెన్ కోన్ ఫిల్టర్, సౌండ్ ఎక్కువొచ్చే సైలెన్సర్ వేయాల్నని మా వాడు పట్టుబట్టిండు.
— గోదావరిఖని

జవాబు: కోన్ ఫిల్టర్ బానెట్ లోపలి వేడి గాలి పీలుస్తుంది, పైగా మీ దగ్గర గాలిలో బొగ్గు దుమ్ము. కంపెనీ పెట్టెలో కంపెనీ కాగితపు ఫిల్టరే ఉంచి, 5,000 కిలోమీటర్లకోసారి తీసి చూడండి. నల్లబడితే మార్చండి, కంప్రెసర్ గాలితో కొట్టి మళ్లీ వాడొద్దు. ఆ దెబ్బకు కాగితంలో కంటికి కనపడని చిల్లులు పడతాయి.

సైలెన్సర్ వద్దు. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడాగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. మీ వాడికి చప్పుడే కావాలంటే స్పీకర్లు కొనివ్వండి.

ప్రశ్న: బ్రేకులకు ఏం చేయాలె? పోలోనే, మేడారం దాకా పోయొస్తే పెడల్ మెత్తగా అయితుంది.
— భూపాలపల్లి

జవాబు: పెద్ద డిస్కులు కొనకముందు బ్రేక్ ఫ్లూయిడ్ మార్చండి. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తదానికి మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు, నీరు పీల్చిన పాతదానికి 155 దాకా పడిపోవచ్చు. మెత్తబడే పెడల్ చాలాసార్లు ఇదే. రెండేళ్లకోసారి మార్చాలి. కొత్త ప్యాడ్లు వేస్తే ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10కి ఎనిమిది పదిసార్లు, ఆపకుండా, చక్రాలు లాక్ కాకుండా తగ్గించండి. తర్వాత బ్రేకు తొక్కిపట్టి నిలబెట్టకుండా కొన్ని కిలోమీటర్లు చల్లబడేదాకా నడపండి. చక్రాలు విప్పారు కాబట్టి పోలో వీల్ బోల్టులు 120 న్యూటన్ మీటర్లకు బిగించి, 50 కిలోమీటర్ల తర్వాత ఒకసారి చూసుకోండి.