ఆగస్టు 16న పాప్ సంగీత చరిత్రలో ఏమేం జరిగాయి? తేదీలు సరిచూసుకోవడం ఎలా?

ప్రశ్న: "సంగీత చరిత్రలో ఈ రోజు" అనే శీర్షిక కోసం ఆగస్టు 16 జాబితా తయారు చేస్తున్నాను. ఒకే సంఘటనకి ఒక్కో చోట ఒక్కో తేదీ కనిపిస్తోంది. ఏది రాయాలి?

జవాబు: ముందు పేచీ లేనివి చెప్తాను. బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ (1938), రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ (1977), సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ (2018) ముగ్గురూ చనిపోయింది ఆగస్టు 16నే. పాప్ గాయని మడోన్నా పుట్టింది కూడా ఈ తేదీనే, 1958లో, అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని బే సిటీలో. ఒక్క తేదీ మీద ఇంత బరువు పడటం అరుదు. అలాగని మూడు మరణాలకీ ఏదో ముడి ఉన్నట్టు మాత్రం రాయకండి, అది కాకతాళీయమే.

మిగతావి రాసేముందు ప్రతిదానికీ రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ తేదీ అసలు దేనిది? ఏ ఊరి గడియారం ప్రకారం? తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే దొరికిపోతాయి.

ఎల్విస్ సంగతే చూడండి. అమెరికాలో మెంఫిస్‌లోని ఆసుపత్రిలో మధ్యాహ్నం 3:30కి చనిపోయినట్టు ప్రకటించారు. అప్పుడు లండన్‌లో రాత్రి 9:30. ఆసియాలో చాలా దేశాల్లో అప్పటికే 17వ తేదీ వచ్చేసింది. ఉదయం పత్రికలన్నీ 17వ తేదీతోనే వచ్చాయి కాబట్టి, పత్రిక పైన ఉన్న తేదీని ఎత్తి రాసేస్తే ఒక రోజు తేడా వస్తుంది. వార్త లోపల "మంగళవారం" అని ఉంటుంది, దాన్ని పట్టుకోండి. 1977లో ఆగస్టు 16 మంగళవారమే. బీటిల్స్ బ్యాండ్ గాయకుడు జాన్ లెనన్ హత్య విషయంలోనూ ఇదే చిక్కు: కాల్పులు జరిగింది న్యూయార్క్‌లో 1980 డిసెంబరు 8 రాత్రి 10:50 ప్రాంతంలో, అప్పటికి ఇంగ్లండ్‌లో 9వ తేదీ తెల్లవారుజాము. సంఘటన ఎక్కడ జరిగితే అక్కడి తేదీయే రాయాలి. శ్రోతలు ఎక్కడున్నా ఇదే పద్ధతి.

ఇక అందరూ తడబడేది ఉడ్‌స్టాక్ అనే సంగీత ఉత్సవం దగ్గర. 1969 ఆగస్టు 16 శనివారం, ఉత్సవం రెండో రోజు. న్యూయార్క్ రాష్ట్రంలోని బెతెల్ దగ్గర మాక్స్ యాస్గర్ పొలంలో జరిగింది. శనివారం జాబితాలో ఉన్న బ్యాండ్లన్నిటినీ 16 కింద వేసేస్తుంటారు. కానీ ఆ "శనివారం" మధ్యాహ్నం మొదలై ఆదివారం పొద్దెక్కేదాకా సాగింది. శాంటానా బ్యాండ్ మధ్యాహ్నం వాయించింది, కాబట్టి అది కచ్చితంగా 16. అప్పటికి ఆ బ్యాండ్ తొలి ఆల్బమ్ ఇంకా బయటికి రాలేదు, ఒకే ఒక్క సంఘటనకి చోటుంటే నేనైతే దీన్నే తీసుకుంటాను. గ్రేట్‌ఫుల్ డెడ్ రాత్రి పొద్దుపోయాక ఎక్కింది. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ వంతు వచ్చేసరికి అర్ధరాత్రి దాటిపోయింది. ఆ తర్వాత జానిస్ జాప్లిన్, స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్, ద హూ, జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ వరసగా వచ్చారు. ద హూ వేదిక మీద ఉండగానే తెల్లారింది. క్రీడెన్స్‌తో మొదలుపెట్టి వీళ్ళందరిదీ 17. గిటారిస్టు జిమి హెండ్రిక్స్ అయితే 18వ తేదీ, సోమవారం ఉదయం. అందుకే ఉత్సవాల విషయంలో పోస్టర్‌ని నమ్మకండి, అందులో ఉండేది అనుకున్న కార్యక్రమం. ఏ బ్యాండ్ ఏ గంటకి ఎక్కిందో తెలిస్తేనే తేదీ వేయండి, లేదంటే "శనివారం రాత్రి మొదలైన కార్యక్రమంలో" అని రాస్తే తప్పుండదు.

బీటిల్స్‌కీ ఈ తేదీతో సంబంధం ఉంది. 1962 ఆగస్టు 16న మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్ లివర్‌పూల్‌లోని తన ఆఫీసుకి డ్రమ్మర్ పీట్ బెస్ట్‌ని పిలిపించి, బ్యాండ్‌లో ఇక చోటు లేదని చెప్పాడు. దీన్ని "రింగో స్టార్ చేరిన రోజు" అని మార్చి రాయడం మామూలైపోయింది. బ్యాండ్ సభ్యుడిగా రింగో తొలి ప్రదర్శన 18న, పోర్ట్ సన్‌లైట్‌లోని హ్యూమ్ హాల్లో. మధ్యలో బిగ్ త్రీ బ్యాండ్ డ్రమ్మర్ జానీ హచిన్సన్‌తో సర్దుకున్నారు. తీసేయడం 16, రావడం 18 అని విడివిడిగా రాయండి.

"తొలి" అనే మాట కూడా జాగ్రత్త. 1974 ఆగస్టు 16న రమోన్స్ అనే పంక్ రాక్ బ్యాండ్ న్యూయార్క్‌లోని సీబీజీబీ క్లబ్‌లో మొదటిసారి వాయించింది. అది ఆ క్లబ్‌లో తొలి ప్రదర్శన, బ్యాండ్‌కి తొలిది కాదు. అంతకుముందు మార్చిలోనే ఒకటి జరిగింది.

రాబర్ట్ జాన్సన్ విషయంలో తేదీకి ఆధారం పత్రికలు కావు. 1936లో శాన్ ఆంటోనియోలో, 1937లో డల్లాస్‌లో మొత్తం 29 పాటలు రికార్డు చేసి, 27 ఏళ్ళకే మిసిసిపీలోని గ్రీన్‌వుడ్ దగ్గర చనిపోయాడు. 1968లో గేల్ డీన్ వార్డ్‌లో అనే పరిశోధకుడు మరణ ధ్రువపత్రం వెతికి తీశాక తేదీ, చోటు ఖాయమయ్యాయి. మరణ కారణం రాయాల్సిన చోట "డాక్టరు లేడు" అని మాత్రమే ఉంది. విషప్రయోగం కథ ఏళ్ళ తర్వాత మనుషులు చెప్పినది. రెండిటినీ ఒకే వాక్యంలో కలిపితే, కాగితానికున్న నమ్మకం కథకి అంటుకుంటుంది.

పాటలు, ఆల్బమ్‌ల విడుదల తేదీలు అన్నిటికంటే అధ్వానం. రికార్డింగ్ తేదీ, దుకాణాల్లోకి వచ్చిన తేదీ, కంపెనీ ప్రకటించిన తేదీ, చార్టు మీద వేసిన తేదీ నాలుగూ వేరు. అమెరికాలో పాటలకి వారం వారం ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ చార్టు మీదుండేది వారానికి వేసిన గుర్తు, కాబట్టి "ఆ రోజు నంబర్ వన్ అయింది" అనకుండా "ఆ తేదీ చార్టులో నంబర్ వన్" అనండి. ఇంకో పరీక్ష, ఆ తేదీ సోమవారమా, శుక్రవారమా అని చూడటం. 2015 జులై 10 నుంచి చాలా దేశాల్లో కొత్త ఆల్బమ్‌లు శుక్రవారం వస్తున్నాయి. అంతకుముందు చాలా ఏళ్ళు అమెరికాలో మంగళవారం, బ్రిటన్‌లో సోమవారం. 2015 తర్వాత ఆగస్టు 16 శుక్రవారం పడింది 2019లో, 2024లో మాత్రమే. 2017లో ఆగస్టు 16న ఆల్బమ్ వచ్చిందని ఎవరైనా రాస్తే (అది బుధవారం) వెంటనే కొట్టేయకుండా ఇంకో ఆధారం వెతకండి, అప్పుడప్పుడు వేరే రోజుల్లోనూ విడుదల చేస్తారు. దేశం పేరు మాత్రం వదలొద్దు. బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బమ్‌కి అధికారిక తేదీ బ్రిటన్‌లో 1967 జూన్ 1, అమెరికాలో జూన్ 2. బ్రిటన్ దుకాణాల్లోకి మాత్రం మే 26నే వచ్చేసింది. మూడు తేదీలూ నిజమే కాబట్టి, మీరు ఏది తీసుకున్నా అది అధికారిక తేదీయా, దుకాణం తేదీయా, ఏ దేశానిదో అదే వాక్యంలో ఉండాలి.