డీసీఎఫ్77: గడియారం ఒక నిమిషం వెనుక, 1 కలిపితే అసలు సెట్ కావడం లేదు

డీసీఎఫ్77 అంటే రేడియో గడియారాలకు సమయం అందించే జర్మనీ రేడియో సిగ్నల్. దాన్ని అనుకరిస్తూ ఇంట్లోనే మీ ప్రోగ్రామ్‌తో సిగ్నల్ పంపితే గడియారం ఒక నిమిషం వెనుక చూపుతోందని, నిమిషానికి 1 కలిపితే అసలు సెట్ కావడం లేదని అడిగారు. కారణం, మీ ప్రోగ్రామ్ నడుస్తున్న నిమిషాన్నే పంపుతోంది. డీసీఎఫ్77లో పంపాల్సింది రాబోయే నిమిషాన్ని. అమెరికా సమయ సిగ్నల్ డబ్ల్యూడబ్ల్యూవీబీ కోసం రాసిన కోడ్‌ను మార్చుకుని ఉంటే ఈ తేడా సహజమే. అక్కడ నడుస్తున్న నిమిషమే వెళ్తుంది.

1 కలిపాక సెట్ కాకపోవడానికి కారణం పారిటీ, అంటే బిట్లలో 1ల సంఖ్య సరిసంఖ్య అయ్యేలా చేర్చే తనిఖీ బిట్. చాలామంది తప్పేది ఇక్కడే. సరిసంఖ్య నిమిషానికి 1 కలిపిన ప్రతిసారీ నిమిషాల పారిటీ అయిన 28వ బిట్ తిరగబడాలి. పాత పారిటీయే వెళ్తే ఆ ఫ్రేమ్‌ను (ఒక నిమిషంలో వెళ్లే మొత్తం సమాచారాన్ని) గడియారం పారేస్తుంది. అంటే సెట్ కావడానికి కావాల్సిన రెండు మంచి ఫ్రేములు వరుసగా దానికి ఎప్పటికీ అందవు. పైగా 59కి 1 కలిపితే 60, అలాంటి నిమిషమే లేదు.

1. ముందు మొత్తం సమయానికి 60 సెకన్లు కలపండి. నిమిషం, గంట, తేదీలుగా విడదీయడం ఆ తర్వాతే.
2. 28 (నిమిషం), 35 (గంట), 58 (తేదీ) బిట్ల సరి పారిటీని ఈ కొత్త విలువలతోనే లెక్కించండి.
3. వారంలోని రోజును పంపేటప్పుడు సోమవారం 1, ఆదివారం 7. ఆదివారానికి 0 ఇచ్చే లైబ్రరీలతో జాగ్రత్త.
4. మిగతా సెకన్లలోలా 59వ సెకనులో క్యారియర్ (సిగ్నల్‌ను మోసే రేడియో తరంగం) బలాన్ని తగ్గించకండి.

ప్రసార పవర్ జోలికి వెళ్లకండి. గడియారంపై సిగ్నల్ గుర్తు కనిపిస్తోందంటే 77.5 కిలోహెర్ట్జ్ (డీసీఎఫ్77 ఫ్రీక్వెన్సీ) సిగ్నల్ సరిగానే అందుతోంది. పెంచితే పొరుగింటి గడియారాలు కూడా మీ మాటే వింటాయి. మార్చాక గడియారాన్ని కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచండి.