చైనీస్ మాట్లాడినా సరిపోదా?

ప్రశ్న: చైనాలో వీగర్ ముస్లింల గురించి తరచూ చదువుతుంటాను. అక్కడే హుయి అనే ముస్లింలు కూడా ఉన్నారని, చైనీసే మాట్లాడతారు కాబట్టి ప్రభుత్వం వాళ్ల జోలికి రాదని మా ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?
- ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: 1980ల తర్వాత కొంతకాలం ఆ మాట చాలావరకు నిజమే, ఇప్పుడు మాత్రం కాదండీ. 2020 జనాభా లెక్కల ప్రకారం హుయిలు కోటీ 13 లక్షలకు పైనే. షియాన్‌లోని వాళ్ల పెద్ద మసీదు చూస్తే గుమ్మటం ఉండదు, అన్నీ చైనా పద్ధతి మండపాలూ వాకిళ్లే. హెనాన్‌లో ఆడవాళ్ల కోసం విడిగా మసీదులు, వాటిలో మహిళా ఇమాములు కూడా ఉన్నారు. అంటే చైనాలో కలిసిపోవడం వాళ్లకు ఎవరో నేర్పాల్సిన పని కాదు, శతాబ్దాలుగా అలాగే బతికారు.

అసలు హుయి అంటే ఎవరన్నది కూడా అధికారంలో ఉన్నవాళ్లే మారుస్తూ వచ్చారు. కమ్యూనిస్టులకు ముందు చైనాను పాలించిన చియాంగ్ కై షేక్ వాళ్లను మతం మారిన హాన్‌లే (చైనాలో మెజారిటీ జాతి) అన్నాడు, ప్రత్యేక జాతిగా ఒప్పుకోలేదు. కమ్యూనిస్టులు జాతిగా గుర్తించి, 1958లో నింగ్షియా స్వయంపాలిత ప్రాంతం ఇచ్చారు. మళ్లీ మావో కాలంలో, 1966-76 మధ్య సాగిన సాంస్కృతిక విప్లవంలో మసీదులు మూయించారు, 1975లో యునాన్‌లోని షాదియన్ ఊరి మీదికి సైన్యాన్నే పంపారు, వెయ్యి మందికి పైగా చనిపోయారు.

షీ జిన్‌పింగ్ వచ్చాక మతాలన్నీ చైనాకరణ కావాలి, అంటే చైనా పద్ధతిలోకి మారాలి అంటున్నారు. 2018లో నింగ్షియాలోని వెయ్‌జౌలో కొత్తగా కట్టుకున్న మసీదును కూల్చేస్తామంటే వేలమంది వచ్చి అక్కడే కూర్చున్నారు, అయినా తర్వాత గుమ్మటాలు తీసేసి చైనా పద్ధతి కప్పులు పెట్టించారు. 2023 మేలో యునాన్‌లోని నాజియాయింగ్‌లో ఇదే గొడవ, జనం పోలీసులతో తలపడ్డారు.

వీగర్లకు జరిగింది దీనికన్నా ఎన్నో రెట్లు ఘోరం, రెండింటినీ ఒకే గాట కట్టకూడదు. వాళ్ల భాష వేరు, చరిత్ర వేరు. 2017 నుంచి లక్షలమందిని నిర్బంధ శిబిరాల్లో పెట్టారు, అది మానవాళిపై నేరాల కిందికి రావచ్చని 2022లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయమే చెప్పింది.

హుయిల విషయంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది గుమ్మటాలు కూడా కాదు. గాన్సూలో లిన్‌షియా అని ఒక ఊరుంది, చైనా వాళ్లే దాన్ని చిన్న మక్కా అంటారు. అక్కడ పదహారేళ్లలోపు పిల్లలు మసీదులో చదువుకోవడానికి వీల్లేదని 2018లో ఆపేశారు.