పెద్ద సంఖ్యను భాగించే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

4294967297 ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చడానికి 3 నుంచి వరుసగా భాగించుకుంటూ వెళ్తున్నానని రాశావు. నీ ఓపిక నాకు నచ్చింది. కాని దీని వర్గమూలం 65536 దాటుతుంది కనుక, ఆ దారిలో 6541 ప్రధాన సంఖ్యలను పరీక్షించవలసి రావచ్చు.

చిన్న పరీక్షలను ముందే ముగించు. అంకెల మొత్తం 59 కనుక 3 దీనిని భాగించదు. 7, 11, 13లను విడివిడిగా పట్టుకోవద్దు. వాటి లబ్ధం 1001 కాబట్టి, కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడదీసి, 297 నుంచి 967 తీసివేసి, 294 కలిపి, 4 తీసివేస్తే −380 వస్తుంది. 380ని ఆ మూడింటిలో ఏదీ భాగించదు.

ఆ తరువాత భాగహారం ఆపి, ఈ సంఖ్య ఎలా తయారయిందో చూడు. ఇది 2³² + 1. ఇదే తీరులో, 2 ఘాతం 1, 2, 4, 8, 16 అయినప్పుడు వచ్చే 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలు కావడంతో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా దీనిని కూడా ప్రధాన సంఖ్యగానే నమ్మాడు. అది కాదని 1732లో గణితవేత్త ఆయిలర్ చూపాడు. ఒక ప్రధాన సంఖ్య దీనిని భాగిస్తే, దానితో 2³²ను భాగించినప్పుడు శేషం −1 (అంటే నిశ్శేషంగా పోవడానికి ఒకటి తక్కువ), 2⁶⁴ను భాగించినప్పుడు శేషం 1 వస్తాయి. అంటే 2 ఘాతాల శేషాలు సరిగ్గా 64 అడుగులకు ఒకసారి మళ్లీ మొదటికి వస్తాయి. ఫెర్మా సూత్రం ప్రకారం ఆ 64, ప్రధాన సంఖ్యలో ఒకటి తగ్గించిన సంఖ్యను భాగించి తీరాలి. కనుక 64 గుణిజానికి 1 కలిపిన ప్రధాన సంఖ్యలనే పరీక్షించాలి. అవి 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలోనే కారణాంకం దొరికింది! ఆరువేలకు పైగా ఉన్న పని అయిదుకు తగ్గడం నాకు ఇన్నేళ్ల తరువాత కూడా ఆనందమే.

641ని భాగహారం లేకుండానే నిర్ధారించవచ్చు. అది 5 × 2⁷ + 1, అదే 5⁴ + 2⁴ కూడా. మొదటి రూపం నుంచి 5 × 2⁷ శేషం −1 అని, దాని నాలుగో ఘాతమైన 5⁴ × 2²⁸ శేషం 1 అని తెలుస్తుంది. రెండో రూపాన్ని బట్టి 5⁴ స్థానంలో −2⁴ వేస్తే, −2³² శేషం 1 అవుతుంది. కాబట్టి 2³² + 1 నిశ్శేషంగా భాగింపబడుతుంది.

భాగఫలం 6700417. దీనిని చూడగానే ప్రధానమని రాసేయవద్దు. దీని ప్రధాన కారణాంకాలు 2³² + 1ని కూడా భాగిస్తాయి కనుక, అవీ 64 గుణిజానికి 1 కలిపిన తీరులోనే ఉండాలి. వర్గమూలం 2588 పైచిలుకు, మొదటి నాలుగూ ముందే తప్పుకున్నాయి. మిగిలినవి 641, 769, 1153, 1217, 1409, 1601, 2113 మాత్రమే. ఏడింటినీ నీ చేత్తో భాగించి చూసి, ఏదీ భాగించలేదని స్వయంగా తెలుసుకో.

ఇక 4294967297కు భాజకాలు 1, 641, 6700417, ఆ సంఖ్య, ఈ నాలుగే; వాటి మొత్తం 4301668356. తరువాత 2⁶⁴ + 1 తీసుకో. అక్కడ 128 గుణిజాలకు 1 కలిపినవి చూడాలి; 274177 దాకా వెళ్లవలసి ఉంటుంది కనుక కొత్త నోటుపుస్తకం పెట్టుకో.

ఇట్లు,
మీ మామయ్య