పెరటి తోటకు బయటి నుంచి ఎరువు తెచ్చుకునే ముందు అడగవలసినవి, చూడవలసినవి

కూరగాయల మళ్లకు పశువుల ఎరువు, కంపోస్టు బయటి నుంచి తెచ్చుకోవాలని ఉందని, అందులో సురక్షితమైనదేదో ఎలా తెలుసుకోవాలని అడిగారు. చాలా కాలంగా బయటి ఎరువుతోనే కూరగాయలు పండిస్తున్న నా అనుభవంలో, ఎరువు ఏ పశువుదన్న ప్రశ్న కన్నా ఆ పశువు ఏ గడ్డి మేసింది, ఆ గడ్డి మీద ఏ మందు కొట్టారు అన్న ప్రశ్నే ముఖ్యం.

పచ్చిక బయళ్లలో వెడల్పాకు కలుపును చంపడానికి వాడే అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్, పిక్లోరామ్ అనే మందులు గడ్డికి హాని చేయవు, పశువు కడుపులో విరిగిపోవు, పేడలోనూ మూత్రంలోనూ చాలావరకు ఉన్నవి ఉన్నట్టే బయటికి వస్తాయి. ఎరువు బాగా మాగినా వాటి ప్రభావం త్వరగా పోదు. టమాటా, చిక్కుడు, బఠానీ, బంగాళాదుంప మొక్కలు వీటి అతి స్వల్ప మోతాదుకే దెబ్బతింటాయి. 2008లో బ్రిటన్‌లో ఎందరో ఇంటి తోటల వారి పంటలు ఇలాగే పాడవడంతో అమినోపైరాలిడ్ మందుల అమ్మకాన్ని అక్కడ కొంతకాలం నిలిపివేశారు. గడ్డిని వేరొకరి దగ్గర కొని మేపేవారికి ఈ సంగతి తెలిసే అవకాశం తక్కువ కాబట్టి, వారు నిజాయితీగా ఇచ్చిన మాట మీద కూడా పూర్తిగా ఆధారపడలేము.

అందుకే నేను ఎవరు ఇచ్చిన ఎరువునైనా ముందు కుండీలలో పరీక్షించాకే మళ్లలో వేస్తాను. కుప్పలో నాలుగైదు చోట్ల, లోపలి నుంచి కూడా, తీసిన ఎరువును బాగా కలిపి, దానికి సమానంగా శుభ్రమైన కుండీ మట్టిని చేర్చి మూడు కుండీలు నింపుతాను. ఎరువు కలపని అదే మట్టితో మరో మూడు నింపి, అన్నింటిలోనూ బీన్స్ గింజలు నాటుతాను. ఒకదాని నీరు మరొకదానికి చేరకుండా దేని కింద దానికి పళ్లెం పెట్టి, సుమారు మూడు వారాలు గమనించాలి. ఒకసారి తెలిసినవారి పశువుల పాక నుంచి వచ్చిన ఎరువు నల్లగా, పొడిపొడిగా, తడి మట్టి వాసనతో చూడముచ్చటగా ఉంది, గింజలు కూడా చక్కగా మొలిచాయి. మొదటి జత ఆకుల తరువాత వచ్చిన మూడాకులు మాత్రం విచ్చుకోక దొన్నెలా లోపలికి ముడుచుకొని, ఈనెలు దగ్గరపడి, చిగురు వంకర తిరిగిపోయింది. పక్కనున్న ఎరువు లేని కుండీలలో ఆకులు నున్నగా, పరుచుకొని ఉన్నాయి. కంటికీ ముక్కుకూ అందని లోపాన్ని గింజ చూపిస్తుందని చెప్పడానికే ఇది రాస్తున్నాను. అటువంటి ఎరువును కూరగాయలకు వేయకూడదు, సొంత కంపోస్టులో కలపకూడదు, మరొకరికి ఇవ్వనూ కూడదు.

రెండవది రోగకారక క్రిముల విషయం. పచ్చి పేడలో ఇ.కోలై, సాల్మొనెల్లా వంటివి ఉండవచ్చు. అమెరికా సేంద్రియ ప్రమాణాల ప్రకారం, ఆరుబయట వరుసలుగా పోసిన కంపోస్టు కనీసం 15 రోజులు 55 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన వేడిలో ఉండి, ఆలోగా కనీసం 5 సార్లు తిరగవేయబడాలి. అలా మగ్గని పచ్చి ఎరువు వేస్తే, తినే భాగం మట్టిని తాకే పంటలను 120 రోజుల తరువాత, తాకనివాటిని 90 రోజుల తరువాత కోయాలి. పచ్చిగా తినే ఆకుకూరలు, క్యారెట్, ముల్లంగి పెంచేవారు ఈ గడువును తప్పక పాటించాలని నా గట్టి అభిప్రాయం. కుక్క, పిల్లి, పంది మలాన్ని కూరగాయల దరికి రానీయవద్దు. వాటి పరాన్నజీవులు మనుషులకు సోకగలవు.

కోళ్ల ఎరువు ఘాటైనది, మాగకుండా వేస్తే వేళ్లు మాడిపోతాయి. వర్మీకంపోస్టు మంచిదే గాని, వానపాముల తొట్టి వేడెక్కదు కనుక అందులో వేసిన పేడ ముందే వేడిలో మగ్గిందో లేదో అడగాలి. పట్టణ చెత్తతో చేసిన కంపోస్టయితే సీసం, కాడ్మియం వంటి భార లోహాల పరీక్ష నివేదికను చూపమనండి. నివేదిక లేకపోతే దానిని పూల మొక్కలకే పరిమితం చేయండి.

మేత గడ్డిని తామే పెంచుకునే పశుపోషకులు మీకు తెలిస్తే వారి దగ్గరే మొదలుపెట్టండి. మొదటిసారి ఒక బస్తా మాత్రమే తెచ్చి, గింజల పరీక్ష పూర్తయ్యాకే మిగిలినది తెప్పించుకోండి.